కిడ్నీ బంగారమే

అమ్మ నాకిచ్చిన కిడ్నీ ఆపరేషన్ టేబుల్ మీదే మూత్రం పోసిందని డాక్టరు చెప్పగానే, పర్లాకిమిడి నుంచి విశాఖ వచ్చిన మావాళ్లంతా చేతులెత్తి దండం పెట్టారు. నాలుగైదు రోజులకు యూరిన్ బ్యాగులో చుక్క పడడం తగ్గి, లోపల ఊరే నీరు బయటికి తీసే డ్రెయిన్ సీసా మాత్రం నిండసాగింది. లేత పసుపు నీళ్లు. కుట్ల మీద కట్టు తడిసి మూత్రం వాసన వచ్చింది.

ఆ నీళ్లు ల్యాబుకు పంపారు. కిడ్నీ మూత్రంలోకి పంపేసే వ్యర్థం క్రియాటినిన్ రక్తంలో 2 దగ్గరుంటే అందులో 30 దాటింది. మామూలుగా ఊరే నీరైతే రెండూ ఇంచుమించు సమానంగా ఉండాలి. అంటే లోపల మూత్రం కారుతోంది! కొత్త కిడ్నీని పొత్తికడుపులో పెట్టి, దాని నాళాన్ని మూత్రాశయానికి కుడతారు. ఆ నాళానికి రక్తం కిడ్నీ వైపు నుంచే రావాలి. కొసదాకా రక్తం అందక నా నాళం అక్కడ చచ్చుబడిపోయింది. మళ్లీ పొట్ట కోసి, పాడైన ముక్క తీసేసి, కొత్తగా కుట్టి, నాళంలో సన్నని గొట్టం, అదే స్టెంటు, పెట్టారు.

"నా కిడ్నీయే మంచిది కాదేమోరా" అని అమ్మ ఏడుస్తుంటే నొప్పికన్నా అదే ఎక్కువ బాధపెట్టింది. సర్జన్‌గారు ఆమె పక్కన కూర్చుని, "అమ్మా, కిడ్నీ బంగారం. అతుకు దగ్గరే తేడా" అన్నారు.

పేగుల గొడవ తర్వాత వచ్చింది. వైరస్ రాకుండా ఇచ్చే వాల్‌గాన్‌సైక్లోవిర్ మాత్రలు ఆపేసిన కొన్నాళ్లకు జ్వరం, నెత్తురు జిగురుతో విరేచనాలు. పక్కింటి ఒడియా మావుసీ ప్రేమగా పొఖాళొ, అంటే నీళ్లలో నానిన చద్దన్నం, తెచ్చింది. నా భార్య మాత్రం ఆ రాత్రే ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌కు ఫోన్ చేసింది. "మోషన్స్ ఆపే మాత్ర వేయకండి, వెంటనే బయల్దేరండి" అన్నారు.

విరేచనాలైతే మందు బయటికి పోతుందనుకుంటాం. కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా నేను వేసుకునే టాక్రోలిమస్‌తో అయ్యేది వేరు. దెబ్బతిన్న పేగు దాన్ని అడ్డుకోలేక రక్తంలోకి ఎక్కువ వదిలేస్తుంది. నా రక్తంలో దాని లెవెల్ పెరిగింది, అది ఎక్కువైతే కిడ్నీకి దెబ్బ గనుక వెంట క్రియాటినిన్ కూడా. కొలొనోస్కోపీలో పుండ్లు కనిపించాయి. ముక్క తీసి పరీక్షిస్తే సైటోమెగలో వైరస్. వారాల తరబడి గాన్‌సైక్లోవిర్ సెలైన్‌లో ఎక్కించి, ఒంటి రోగనిరోధకశక్తిని అణిచే మరో మందు మైకోఫెనొలేట్ తగ్గించారు. పుండ్లు మానాయి, క్రియాటినిన్ దిగింది.

ఆ వైరస్ చాలామంది ఒంట్లో చడీచప్పుడు లేకుండా ఉంటుందట. కిడ్నీతో పాటే వచ్చి ఉండొచ్చన్నారు. ఆ ముక్క అమ్మ చెవిన పడనివ్వలేదు.

ఉద్దానంలో, కవిటి దగ్గర మా మావయ్య డయాలసిస్ మీద ఉన్నాడు. అత్త కిడ్నీ ఇస్తానంటోంది. వచ్చే వారం ఇద్దరినీ డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తున్నాను. ఇద్దరికీ ఆ వైరస్ పరీక్ష చేస్తారా, మాత్రలు ఎన్ని నెలలు వాడాలి, ఆపాక రక్తపరీక్షలు ఎన్నాళ్లకోసారి అన్నవి కాగితం మీద రాసిపెట్టుకున్నాను.