బావ రాళ్ల కింద నుంచి బయటపడ్డాను (నా అనుభవం)

రాత్రి పదకొండున్నర. ఒంగోల్లో మా అత్తయ్య వాళ్ల మిద్దె మీద కూర్చుని ఇది రాస్తున్నా. కింద బావ ముఖం మాడ్చుకుని పడుకున్నాడు. ఊరు కట్టి, సైన్యం పెంచి కొట్టుకునే కంప్యూటర్ ఆట ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2లో వరసగా ఏడు ఆటలు ఓడిన నేను ఎనిమిదోది గెలిచాను మరి.

సెలవులకని కావలి నుంచి వచ్చి నాలుగు రోజులైంది. రెండు ల్యాప్‌టాప్‌లు కలపడం గంటలో అయిపోయింది. తిండి, కట్టెలు, బంగారం పోగెయ్యడం నాకు చిన్నప్పటి అలవాటే. 1999 నాటి ఆట, 2019లో కొత్త హంగులతో మళ్లీ వచ్చింది. నన్ను చంపిందల్లా మాంగొనెల్. అంటే రాళ్లు విసిరే బండి.

మూడో ఆట సంగతి చెప్పాలి. నలభై మంది క్రాస్‌బోలను, అంటే బాణాలు వేసేవాళ్లను తయారు చేసి, ఒకే గుంపుగా బావ ఊరి మీదికి తోలాను. గెలిచేశాననే అనుకున్నా. బావ మూడు మాంగొనెల్స్ బయటికి తీశాడు. నా బాణం ఒక్కోటి తగిలితే ఆ బండికి పోయేది ఒక్క పాయింటు. దాని ప్రాణం 50. దాని రాయి దెబ్బ 40, నా మనిషి ప్రాణం 35. పైగా రాయి పడిన చోట చుట్టుపక్కల ఉన్నవాళ్లందరికీ తగులుతుంది. రెండే రెండు విసుర్లు. నలభైలో ఆరుగురు మిగిలారు.

సరిగ్గా అప్పుడే అత్తయ్య ఉలవపాడు మామిడికాయ ముక్కలు పళ్లెంలో పెట్టుకొచ్చి, స్క్రీన్ కేసి చూసి, "ఏం నాయనా, ఇందాక అంతమంది ఉన్నారే, యాడికి పోయినారు?" అంది. బావ మంచం మీద పడి దొర్లాడు. మర్నాడు ఎదురింటి ఎనిమిదో తరగతి పిల్లోడు గేటు దగ్గర ఆపి, "అన్నా, రాళ్ల కింద పోయింది మీరేనా?" అన్నాడు. మర్యాదగా మీరు అన్నాడు చూడండి, అది ఇంకా కాలింది.

నాలుగో ఆటలో అరవై మందిని తెచ్చాను. అరవై మందీ పోయారు. ఐదోసారి మన దక్షిణాది వాళ్లని అభిమానపడి ద్రవిడియన్స్‌ను తీసుకున్నా. వాళ్లకు నైట్స్, అంటే బరువైన కవచాల గుర్రపు వీరులు అసలు ఉండరు, ఏనుగులుంటాయి. ఏనుగు నడిచొచ్చేలోపు బావ టీ తాగొచ్చాడు. వీడియోల్లో పెద్దమనుషులంతా "గుర్రాలు చెయ్యండి, చాలు" అంటారు. ఆరోసారి అదీ చేశా. ఎదురుగా పంపితే బల్లేల వాళ్లు అక్కడే పొడిచేశారు. ఎటు నుంచి పోవాలి, ఎప్పుడు పోవాలి అన్నది ఆ వీడియోల్లో ఒక్కడూ చెప్పడు. లైక్ కొట్టమని మాత్రం మూడుసార్లు చెప్తారు. ఏడోది చెప్పుకునేంత ఆట కాదు.

నిన్న రాత్రి అందరూ పడుకున్నాక కంప్యూటర్ మీద ఒక్కణ్నే ఆడుతూ, ఈసారి మాంగొనెల్ నేనే పట్టుకుని చూశాను. అప్పుడు తెలిసింది. రాయి గాల్లోకి లేచాక దారి మార్చుకోదు. మనిషి ఉన్న చోటికే వస్తుంది, పోతున్న చోటికి రాదు. మళ్లీ విసరడానికి దాదాపు ఆరు సెకన్లు కావాలి. మరీ దగ్గరికొచ్చి ఆనుకున్నవాణ్ని అసలు కొట్టలేదు. ఇంకోటి, తన పర తేడా దానికి లేదు, సొంతవాళ్లకూ తగులుతుంది.

ఈ రోజు మంగోలులను తీసుకున్నా. వాళ్ల లైట్ క్యావల్రీకి, అంటే తేలికపాటి గుర్రపు దళానికి ప్రాణం కాస్త ఎక్కువ. హస్బెండ్రీ అనే మెరుగుదల కూడా చేయించా, గుర్రాల వేగం పది శాతం పెరుగుతుంది. క్రాస్‌బోలను రెండు గుంపులు చేసి కీబోర్డు మీద ఒకటో నంబరు, రెండో నంబరు ఇచ్చుకున్నా. గుర్రాలు మూడో నంబరు, అడవి వెనక నుంచి చుట్టూ తిప్పి పంపేశా. బండి చెయ్యి లేవగానే ఒకటో గుంపును ఎడమకు, రెండోదాన్ని కుడికి జరపడమే పని. వెనక్కి పరిగెత్తించకండి, పక్కకు జరపండి. మొదటి రాయి ఖాళీ నేల మీద పడింది. రెండోదీ అంతే. బావ కుర్చీలో ముందుకు జరిగాడు. బల్లేల వాళ్లను నా క్రాస్‌బోల మీదికి వదిలాడు. బళ్ల దగ్గర కాపలా లేకుండా పోయింది.

రాయి పడిన మరుక్షణం గుర్రాలను వదిలాను. ఆరు సెకన్లు చాలా ఎక్కువ సమయం, నమ్మండి. బాణాలను లెక్కచేయని ఆ బండి కత్తి ముందు కాగితమే. నాలుగు గుర్రాలు చుట్టుముడితే ఒక్కోటి రెండు దెబ్బలు వేస్తే పోతుంది. బావ కంగారుపడి బల్లేల వాళ్లను వెనక్కి పిలిచాడు, మిగిలిన బండితో నా గుర్రాల మీదికి విసిరాడు. రాళ్లు పరిగెత్తుకొస్తున్న తన బల్లేల వాళ్ల నెత్తిన పడ్డాయి. ఇంట్లో అందరికీ వినపడేలా నవ్వాను. అత్తయ్య వంటింట్లోంచి, "ఈసారి ఎవరు పోయినార్రా?" అని అడిగింది.

నా మౌస్‌లో ఎడమ బటన్ రెండుసార్లు నొక్కితే ఒకసారి పడుతుంది. దాంతోనే గెలిచానని ప్రత్యేకంగా చెప్తున్నా.

"ఏం బామ్మర్దీ, పొద్దున ఇంకోటి?" అని బావ ఇందాకే మెట్ల మీద నుంచి అరిచాడు. పొద్దున్నే కావలి రైలుంది, కుదరదన్నాను. రైలు మధ్యాహ్నం.