ముసురు పట్టిన ఆదివారం

ఈ వారమంతా ముసురే. మా కుక్క కర్రోడు వానకు గడప దాటడు. గొలుసు పట్టి గుంజితే నాలుగు కాళ్లు బిర్రుగ తన్నిపెట్టి నిలవడతడు. గొడుగు పట్టి గేటు దాకా తీస్కపోతే చెట్టు మొదలు వాసన చూసి, వచ్చిన పని మర్చిపోయి వాపస్ ఉరుకుతడు. ఇంట్లకొచ్చినంక యాదికొస్తది. ఇయ్యాల పొద్దున లేచేసరికి ముందర అర్రల బండల మీద మడుగు, సోఫా మెత్త తడి, కింద పరిచిన అత్తమ్మ జంపఖానాకు ఓ మూల పచ్చటి మరక.

అత్తమ్మ అప్పటికే ఫినాయిల్ డబ్బా మూత తీసింది. "రెండు మూతలు పోసి తుడువు బిడ్డా, గబ్బు పోతది."

పోదు. ఫినాయిల్ ఘాటు మన ముక్కును కప్పేస్తది, అంతే. కుక్క ముక్కుకు రెండు వాసనలూ వేరువేరుగనే తెలుస్తయి, మళ్ల అదే జాగకు వస్తడు. పైగా పక్కింటి పిల్లి మా ఇంట్ల తిరిగి తిరిగి కాళ్లు నాక్కుంటది. నల్ల ఫినాయిల్ల ఉండే ఫినాల్ పిల్లులకు విషం, దాన్ని విరగ్గొట్టే శక్తి వాటి కాలేయానికి లేదు.

మా ఆయనేం తక్కువ తినలే. వీడియో చూసి వెనిగర్ పోద్దామన్నడు. మాది పాత ఇల్లు, కింద తాండూరు బండలు. తాండూరు బండంటే సున్నపురాయి. పులుపు పడితే పాలిష్ పోయి తెల్ల మచ్చ తేల్తది, నిమ్మరసమైనా అంతే. గ్రానైట్ ఉన్నోళ్లు చూసుకోవచ్చు, మనకైతే వద్దన్న. ఎదురింటి వదినె గోడ మీదికెంచి బ్లీచింగ్ పౌడర్ చల్లుమన్నది. అది ఇంకా అన్యాయం. మూత్రంల ఉండే యూరియాను బ్యాక్టీరియా అమ్మోనియా చేస్తది, దాని మీద బ్లీచింగ్ పడితే క్లోరమిన్ గ్యాసు పుడ్తది. కండ్లు మండుతయి, గొంతు పట్టేస్తది. కిటికీలు మూసుకొని కూసున్న ఈ ముసురుల ఆ ముచ్చటే వద్దు.

"మొన్ననే గదా కడిగింది" అని ఇంట్ల అందరి నోటా ఒకటే మాట. నీళ్లతోని కడిగితే యూరియా పోతది, ఉప్పు పోతది. మూత్రంలనే ఉండే యూరిక్ ఆసిడ్ మాత్రం నీళ్లల్ల సరిగ్గ కరగదు. పలుకులు కట్టి బండ రంధ్రాలల్ల, బండల నడుమ సిమెంటు సందులల్ల కూసుంటది. ఎండాకాలం సప్పుడు చెయ్యదు. గాలిల తేమ పెరగంగనే లేస్తది. అందుకే ఇయ్యాలటి మడుగుతోని పాటు ఎప్పటివో గూడ కంపు కొట్టుడు.

దాని పని పట్టేది ఎంజైమ్ల మందు. పెంపుడు జంతువుల దుకాణంల దొరుకుతది, ఫినాయిల్ కన్నా చానా పిరం. ముందు సబ్బునీళ్లతోని తుడిచి, పాత ఫినాయిల్ జాడ పోయేదాక మంచినీళ్లు పోసి కడిగి, అప్పుడు సందులు నిండేటట్టు పోసిన. పోసిన వెంటనే తుడిస్తే పైసలు దండుగ, తడి ఉన్నంత సేపే అది పనిచేస్తది. మీద తడిగుడ్డ పరిచి మధ్యాహ్నం దాక ముట్టలేదు.

ఈ లోపల మా పిల్లగాడు దొంగనోట్లు చూసే నీలం లైటు టార్చి ఏడ్నుంచో పట్టుకొచ్చిండు. తలుపులేసి, లైట్లు ఆర్పి కొడ్తే ఎండిన మరకలు పచ్చగ మెరిసినయి. టీవీ స్టాండు కింద, అలమార పక్కన, దేవుని అర్ర గడప దగ్గర. అత్తమ్మ నోటి మీద చెయ్యేసుకున్నది. "ఇల్లంత రాసిచ్చుకున్నడు గద వీడు!"

సోఫా మెత్తకు నా మాట ఒకటే. మూత్రం ఎంత లోతుకు దిగిందో మందు అంత లోతుకు దిగాలె. పైన చల్లి తుడిస్తే బట్ట మాత్రమే బాగుపడ్తది, లోపలి స్పంజి అట్లనే ఉంటది. జిప్పు తీసి, పాత తువ్వాలతోని ఒత్తి ఒత్తి తడి లాగి, స్పంజిని మందుతోని నాన్చిన.

జంపఖానాకే చానా సేపు పట్టింది. వరంగల్ కొత్తవాడల నేసింది, అచ్చం నూలు. 2018ల వరంగల్ జంపఖానాలకు జీఐ గుర్తింపు (ఇది ఫలానా ఊరి సరుకే అని సర్కారు ఇచ్చే గుర్తు) వచ్చినప్పుడు అత్తమ్మ పేపరు పట్టుకొని "నాది అంతకు ముందుదే" అని వాడంత తిరిగి చెప్పింది. దీనికి బొచ్చు ఉండదు, రెండు దిక్కుల ఒకటే నేత, కాబట్టి తడి ఇటునుంచి అటు దిగిపోతది. రుద్దితే మరక పక్కకు పాకుతది, వేడినీళ్లు పోస్తే పోగుకు పట్టుకుంటది. సల్లనీళ్లే పోసి, కింద ఒక పంచె, మీద ఒక పంచె పెట్టి, ఎక్కి తొక్కిన. ముందుగాల ఒక మూల తడిపి తెల్లగుడ్డ ఒత్తి చూస్తే కొంచెం ఎరుపు దిగింది. అందుకే హైడ్రోజన్ పెరాక్సైడ్ జోలికి పోలేదు, అది రంగు తినేస్తది. ఎంజైమ్ మందు మాత్రం మరక ఉన్న జాగల్నే పోసి, పనిచేసేదాక తడిగ ఉంచి, ఆ తర్వాత రంగు కారకుండ తొందరగ నీళ్లు ఒత్తి తీసిన.

ఎండ లేదు కాబట్టి తీగకేసి ఫ్యాను పెట్టిన. పూర్తిగ ఆరినంక వంటసోడా చల్లాలె. మిగిలిన కొంచెం వాసన అది గుంజుకుంటది, మరకను మాత్రం అది తియ్యలేదు. అత్తమ్మ రాత్రికే మడిచి పెట్టెల పెడ్తనని పట్టు పట్టింది. తడి మిగిలుంటే బూజు గూడ పట్టి రెండు వాసనలు అయితయని ఆపిన. అలిగి తన అర్రల పడుకున్నది.

కర్రోడి పోషణ మాత్రం నా ఒక్కదానిదే కాదు. పొద్దటి గొడుగు ఆయనది, రాత్రి గొడుగు పిల్లగానిది. కాయితం మీద రాసి ఫ్రిజ్ డోరుకు అతికించిన. ఇద్దరూ చూసిండ్రు, ఇద్దరూ ఏం మాట్లాడలేదు. బయట పని కానిచ్చినోడికి ఒక బిస్కెట్. కర్రోడికే, వాళ్లకు కాదు.