ఘాట్ దిగేటప్పుడు చార్జింగ్ పెరిగింది

పోయిన నెల నాయనను కొండకు తీసుకుపోయినాను. ఆయనకు 73 ఏళ్లు. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. అందులో 22 ఏళ్లు తిరుమల ఘాట్ డ్యూటీనే. రిటైరయ్యాక కూడా మోకాలు మొండికేసేదాకా నడిచే పోయేవాడు. అందుకే ఎలక్ట్రిక్ బస్సు ఎక్కడం ఆయనకు ఇదే మొదలు.

తిరుపతికి ఇచ్చిన 100 ఎలక్ట్రిక్ బస్సుల్లో మొదటివి 2022 సెప్టెంబరులో, బ్రహ్మోత్సవాల రోజుల్లోనే రోడ్డెక్కాయి. వాటిలో సగం ఘాట్ మీదే తిరుగుతాయి. నేను చాలాసార్లు ఎక్కాను, కానీ నాయన పక్కన కూర్చుని ఎక్కడం వేరు. బస్సు కదిలిన రెండు నిమిషాలకే నా చెవి దగ్గరికి వంగి, "అమ్మణ్ణీ, గేరు రాడ్డే లేదే!" అన్నాడు. క్లచ్చి కూడా లేదు నాయనా అన్నాను. తన ఎడమ మోకాలు తడుముకున్నాడు. ప్రతి మలుపుకూ తొక్కిన క్లచ్చి, మళ్లీ తొక్కిన క్లచ్చి. ఆ మోకాలు ఎట్లా అరిగిందో మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఎక్కడం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. బస్సు చప్పుడు లేకుండా ఎక్కింది, డీజిల్ పొగ లేదు, మా వరసలో ఎవరికీ వాంతి కాలేదు. ఏసీ కాబట్టి అద్దాలన్నీ మూసి ఉన్నాయి, ఆ ఒక్కటీ నాయనకు నచ్చలేదు. శేషాచలం గాలి తగలకుండా కొండెక్కడం ఏమి ఎక్కడం అని ఆయన బాధ. నాకూ అంతే.

అసలు సంగతి దిగేటప్పుడు.

1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డే ఇప్పుడు దిగే దారి. ఎక్కే బండికి కనీసం 28 నిమిషాలు, దిగే బండికి కనీసం 40 నిమిషాలు పట్టాలని నిబంధన ఉంది. ఎక్కడం కంటే దిగడమే భయమని ఆ రెండు అంకెలే చెబుతాయి. నాయన కాలంలో బస్సును రెండో గేరులో వేసి, ఇంజనుతోనే పట్టి ఆపుతూ దించేవాళ్లు. బ్రేకు మీదే ఆధారపడితే డ్రమ్ము కాగి, లైనర్లు మాడి, బ్రేకు పట్టు వదిలేస్తుంది. ఆ మాడిన వాసన నాకు చిన్నప్పటినుంచీ తెలుసు, డ్యూటీ దిగి ఇంటికొచ్చిన ఆయన ఖాకీ చొక్కాకు అదే ఉండేది. అక్కగార్ల గుడి దగ్గరికి రాగానే ఒక చెయ్యి స్టీరింగు మీదే ఉంచి, రెండో చెయ్యి గుండెకు తాకించుకునేవాడు. ఈసారి సీట్లో కూర్చుని రెండు చేతులూ జోడించాడు.

కొత్త బస్సు డ్రైవరు ఏం చేస్తున్నాడో నాయన రెప్ప వాల్చకుండా చూశాడు. ఆ అబ్బాయి ముప్పావు వంతు దారి బ్రేకు గట్టిగా తొక్కలేదు. కాలు పెడలు మీద నుంచి తీస్తే చాలు, బండి తనంతట తానే నెమ్మదిస్తోంది. చక్రాలను తిప్పిన మోటారునే అప్పుడు చక్రాలు తిప్పుతాయి. మోటారు డైనమో అయిపోతుంది, పుట్టిన కరెంటు బ్యాటరీలోకి పోతుంది. తిరుమల బస్టాండులో బయల్దేరేటప్పుడు డ్రైవరు ముందున్న తెర మీద 58 శాతం అని నేను చూశాను. అలిపిరిలో దిగేటప్పుడు 63.

నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. సోమవారం తొమ్మిదో తరగతి పిల్లలతో ఈ లెక్క చేయించాను. మనుషులతో కలిపి బస్సు బరువు 12 టన్నులు అనుకోండి, కొండకూ ఊరికీ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. బరువును, 9.8ని, ఎత్తును గుణించి యూనిట్లలోకి మారిస్తే దాదాపు 23 యూనిట్లు. అంతా తిరిగి రాదు. టైర్ల రాపిడిలో, మోటారు వేడిలో, గాలిని చీల్చుకుపోవడంలో కొంత పోతుంది. సగం వచ్చినా 11 యూనిట్లు. మా ఇంట్లో మామూలు రోజున ఐదారు యూనిట్లు కాలుతుంది. అంటే ఒక్క బస్సు ఒక్కసారి కొండ దిగితే మా ఇంటికి రెండు రోజుల కరెంటు. నాయన 22 ఏళ్లపాటు ఆ శక్తినంతా బ్రేకు డ్రమ్ముల్లో, ఇంజనులో వేడి చేసి గాలికి వదిలాడు. పాపం ఆయన తప్పేముంది, డీజిల్ బండికి వేరే దారి లేదు.

ఇందులో ఇంకో అందం ఉంది. బ్యాటరీ నిండుగా ఉంటే తిరిగొచ్చే కరెంటుకు చోటుండదు, అప్పుడు మళ్లీ మామూలు బ్రేకే దిక్కు. మన బస్సులకు చార్జింగ్ కింద అలిపిరి డిపోలో పెడతారు. కొండెక్కేసరికి బ్యాటరీలో కావలసినంత ఖాళీ ఏర్పడుతుంది, దిగేటప్పుడు అది కొంత నిండుతుంది. ఎలక్ట్రిక్ బస్సు కోసమే పుట్టిన దారిలా అనిపిస్తుంది నాకు మా ఘాట్.

కరెంటు మాత్రం ఎక్కడినుంచి వస్తోంది అని మా స్టాఫ్ రూములో ఒకాయన ఎప్పుడూ అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే. ఎక్కువ భాగం ఇంకా బొగ్గుదే, కొండ మీద లేని పొగ ముద్దనూరు థర్మల్ చిమ్నీలో ఉంటుంది. కానీ ఆ కరెంటును రేపు సోలారు చేసుకోవచ్చు. రాయలసీమలో ఎండకు కొదవా? డీజిలును మాత్రం ఏమీ చేసుకోలేము.

అలిపిరిలో దిగాక నాయన వెనక చక్రం దగ్గరికి పోయి, దానికి కొంచెం దూరంగా అరచెయ్యి పెట్టి చూశాడు. ట్రిప్పు ముగిసిన ప్రతిసారీ ఆయన చేసే పని అది. "సెగ లేదే" అన్నాడు. తర్వాత డ్రైవరుతో, "ఏ డిపో నాయనా నువ్వు?" అని అడిగాడు. దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు, బండి నడిపేవాణ్ణి పలకరించకూడదని ఆయన నియమం. ఆ అబ్బాయి, "డిపో కాదు పెద్దాయనా, నేను కంపెనీ మనిషిని" అన్నాడు.

నాయన ముఖం వాడిపోయింది. ఇంటికొచ్చాక విడమరిచి చెప్పాను. ఒక్కో బస్సు కోటి రూపాయల పైమాటే కాబట్టి ఆర్టీసీ కొనదు. బస్సూ డ్రైవరూ కంపెనీవి, టికెట్ డబ్బు ఆర్టీసీది, తిరిగిన ప్రతి కిలోమీటరుకు ఇంత అని ఆర్టీసీ కంపెనీకి లెక్కకట్టి ఇస్తుంది. కాంట్రాక్టు 12 ఏళ్లు. ఈ పద్ధతి లేకపోతే ఇన్ని బస్సులు ఇంత త్వరగా వచ్చేవి కావని నేనూ ఒప్పుకుంటాను. "అయితే ఆ పిల్లోడికి పింఛనుండాదా? నాకిచ్చినట్ల ఆస్పత్రి కార్డుండాదా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. బ్యాటరీకి ఎన్నేళ్ల వారంటీ అని అడిగే మనం, దాన్ని కొండ మీంచి క్షేమంగా దించే మనిషి గురించి కూడా అడగాలి. ఇది నాకు చాలా ముఖ్యం, ఆ ఉద్యోగమే మమ్మల్ని చదివించింది కాబట్టి.

ఇంకో కొరత ఉంది. అలిపిరి నుంచి మా కొర్లగుంటకు మేము షేర్ ఆటోలో వచ్చాం. ముగ్గురు కూర్చునే చోట ఐదుగురం, ముందు పోయే ఆటో పొగంతా మా మొహానే. నాయన కండువా ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. కొండకు వచ్చే యాత్రికులకు ఏసీ ఎలక్ట్రిక్ బస్సు ఉంది, సంతోషం. రుయా ఆస్పత్రికి పోయే ముసలామెకు, యూనివర్సిటీకి పోయే పిల్లలకు, నేను రోజూ తిరిగే దారుల్లో ఒక్కటీ కనబడదు. ప్రధానమంత్రి ఈ-బస్ సేవ కింద మన రాష్ట్రంలో 11 ఊళ్లకు 750 బస్సులు కేటాయించారు, అందులో తిరుపతికి 50. అవి ఊళ్లోవాళ్ల కోసం ఊళ్లోనే తిరగాలి.

ఆ రాత్రి నాయన నా స్కూలు డైరీలోంచి కాగితం చించి రూటు రాసిచ్చాడు. కొర్లగుంట, బస్టాండు, రైల్వేస్టేషను, బాలాజీ కాలనీ, యూనివర్సిటీ, రుయా, అలిపిరి. పొద్దున 6 నుంచి రాత్రి 10 దాకా, పావుగంటకు ఒకటి. కింద ఇంకో వాక్యం కలిపాడు, మెట్టు ఎత్తు తక్కువగా ఉండాలని. వచ్చే సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునేటప్పుడు ఆ కాగితాన్నే జతచేసి ఇస్తాను. కొర్లగుంట, బాలాజీ కాలనీ వైపు వాళ్లెవరైనా ఇది చదువుతుంటే, సంతకానికి రండి. పది గంటలకు గేటు దగ్గర నాయన కూడా ఉంటాడు.