గండికోట చూశాక తాడిపత్రిలో కూడా ఆగండి

సీమ అనగానే అందరూ గండికోట ఫొటోలే పెడతారు. ఎర్రటి కొండల మధ్య పెన్నా లోయ అద్భుతమే, కాదనను. కానీ ఈసారి నా మనసు మాత్రం తాడిపత్రిలో ఉండిపోయింది.

పెన్నా ఒడ్డునే బుగ్గ రామలింగేశ్వర ఆలయం. లింగం దగ్గర నీళ్లు ఊరుతూనే ఉంటాయి, అందుకే బుగ్గ (అంటే నీటి ఊట) అని పేరు. విజయనగర కాలం నాటి రెండు గోపురాలకు పైన శిఖరాలు లేవు, కింద రాతిభాగమే ఉంది. ఆకుపచ్చ ఛాయ ఉన్న ఆ నల్లరాతి మీద అరచెయ్యంత జాగా కూడా ఖాళీగా వదల్లేదు. లతలు, హంసలు, నాట్యకత్తెలు... ఒక బొమ్మ కాలి అందెల్లో గీతలు కూడా విడివిడిగా కనిపిస్తాయి. ఊళ్లోనే చింతల వెంకటరమణ స్వామి గుడి ఉంది, అక్కడి రాతిరథాన్ని చుట్టూ తిరిగి చూడాల్సిందే.

పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని బెలూం గుహలకు వెళ్లాం. మొత్తం పొడవు 3,229 మీటర్లట. లోపల బాగా ఉక్కపోత, పెద్దవాళ్లను తీసుకెళ్తే జాగ్రత్త.

పెనుకొండ, లేపాక్షి అటువైపు ఇంకో ట్రిప్పుకి. 1565 తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిని మార్చుకున్న ఊరు పెనుకొండ. ఇంత చరిత్ర ఉన్న ఊళ్లను బస్సు కిటికీలోంచి చూసి వదిలేస్తున్నామంటే బాధేస్తుంది.

తాడిపత్రికి రైలుంది. ఎండాకాలం వద్దు, డిసెంబర్‌లో వెళ్లండి.