పెద్దలు, అధ్యక్షులు, కాపరులు: మిలేతులో పౌలు పలికిన మాటలు

అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయంలో 17, 28 వచనాలను పక్కపక్కన పెట్టుకుని చదవండి. యెరూషలేముకు వెళ్తూ మిలేతులో ఆగిన పౌలు, ఎఫెసు నుంచి “సంఘపు పెద్దలను” పిలిపించాడు. వాళ్లతోనే మాట్లాడుతూ, పరిశుద్ధాత్మ మిమ్మల్ని “అధ్యక్షులనుగా” ఉంచాడన్నాడు. ఎందుకు? సంఘాన్ని “కాయుటకు”. వచ్చిన మనుషులు వాళ్లే, వాళ్లకు పడిన మాటలు మాత్రం మూడు. పెద్ద అన్నది వాళ్లమీద ఉన్న గౌరవం, అధ్యక్షుడు అన్నది బాధ్యత, కాయడం అన్నది రోజూ చేయాల్సిన పని. తీతుకు 1:5, 7లో కూడా పౌలు పెద్దల నియామకంతో మొదలుపెట్టి అధ్యక్షుడి లక్షణాలు చెబుతాడు.

పెద్దకు కొత్త నిబంధన మూలభాష గ్రీకులో ప్రెస్బుటెరొస్, అంటే వయసులో పెద్దవాడు. ఇంగ్లీషు ‘ప్రీస్ట్’ ఇందులోంచే పుట్టింది. అధ్యక్షుడికి ఎపిస్కొపొస్, అంటే పైనుంచి కనిపెట్టి చూసుకునేవాడు. అది లాటిన్ మీదుగా అరిగి అరిగి ‘బిషప్’ అయింది. పెద్దలకు పైన ఒక్క బిషప్ ఉండే ఏర్పాటు రెండో శతాబ్దం తొలినాళ్లలో అంతియొకయ బిషప్ ఇగ్నేషియస్ రాసిన ఉత్తరాల్లో స్పష్టంగా కనిపిస్తుంది. ఆ ఏర్పాటు తప్పని ఇక్కడ వాదించడం లేదు. దాన్ని మిలేతు సభలోకి తీసుకెళ్లి చదివితే మాత్రం పౌలు మాట పట్టు తప్పుతుంది.

ఇక పాస్టర్. ఇది లాటిన్ మాట, మేపడం అనే క్రియలోంచి వచ్చింది. మన ‘కాపరి’ కాయడంలోంచి వచ్చింది. మంద దగ్గర ఇవి రెండు పనులు: మేత ఉన్నచోటికి తోలుకెళ్లడం ఒకటి, రాత్రి మేలుకుని దొడ్డి చుట్టూ కావలి ఉండడం ఇంకొకటి. యోహాను 21లో యేసు పేతురుతో ఈ రెండూ అన్నాడు. 15, 17 వచనాల్లో “మేపుము”, మధ్యలో 16లో “కాయుము”. గ్రీకులోనూ అక్కడ వేర్వేరు క్రియలే, మన తెలుగు బైబిలు ఆ తేడాను జాగ్రత్తగా నిలబెట్టింది. మిలేతులో వాడిన క్రియ ఈ 16వ వచనంలోదే. మేపడం అందులో లేదని కాదు గానీ, వెంటనే కార్యములు 20:29లో తోడేళ్ల మాట వస్తుంది కాబట్టి అక్కడ కావలి అర్థమే ముందుకొస్తుంది. ఆదివారం వాక్యం బాగా చెప్పి వారమంతా మంద ముఖం చూడనివాడు మేపినట్టు అవుతుందేమో, కాసినట్టు కాదు. పౌలు మూడేళ్లు రాత్రింబగళ్లు కన్నీళ్లతో “ప్రతి మనుష్యునికి” బుద్ధి చెప్పానని అదే అధ్యాయం 31లో అన్నాడు.

ఎఫెసీయులకు 4:11 దగ్గర చాలామంది తడబడతారు. అపొస్తలులు, ప్రవక్తలు, సువార్తికులు, కాపరులు, ఉపదేశకులు అన్న వరుసను ప్రమోషన్ల మెట్లుగా చదువుతారు. అక్కడ “కొందరిని” అనే మాట ఎన్నిసార్లు వచ్చిందో చూడండి, నాలుగుసార్లే. చివరి “కొందరిని” కాపరులకూ ఉపదేశకులకూ కలిపి ఒకటే, గ్రీకులోనూ ఆ రెంటికీ ఒకే ఉపపదం (ఇంగ్లీషు ‘ద’ లాంటి ఆర్టికల్). కాసేవాడికి నేర్పే పని కూడా ఉందన్నమాట. ఇక్కడి ‘ఉపదేశకుడు’, యాకోబు 3:1లో కఠినమైన తీర్పు పొందే ‘బోధకుడు’ గ్రీకులో ఒకే మాట, దిదాస్కలొస్. తెలుగులో రెండు మాటలు కనబడ్డాయని రెండు పదవులు కల్పించకూడదు. సందేహం వస్తే స్ట్రాంగ్స్ నంబర్లున్న (మూలభాషలోని ఒక్కో మాటకు ఒక్కో నంబరు ఇచ్చిన) బైబిల్ యాప్‌లో చూడండి: రెండుచోట్లా 1320 వస్తుంది. పెద్దకు 4245, అధ్యక్షుడికి 1985.

“ప్రకటించువాడు లేకుండ వారెట్లు విందురు?” అని రోమీయులకు 10:14. ఈ ప్రకటించడం రాజు ఆజ్ఞను వీధిలో వినిపించే చాటింపు పని. ఊళ్లో దండోరా వేసేవాడు సొంత కబురు కలపడు, ఇచ్చిన కబురు తగ్గించడు. అందుకే తర్వాతి వచనంలో “పంపబడనియెడల” అన్న షరతు ఉంది. ఆ పంపడంలోంచే ‘అపొస్తలుడు’ అనే మాట కూడా వచ్చింది.

మన ఊళ్లలో పిలుపులు వేరు. పోర్చుగీసు ‘పాద్రే’ (తండ్రి) మనకు పాదిరి అయింది. అయ్యగారు, అమ్మగారు అన్నవి పూర్తిగా మన మర్యాదే. రెవరెండ్ అంటే లాటిన్‌లో గౌరవింపదగినవాడు. ఇంగ్లీషు కింగ్ జేమ్స్ బైబిలులో ఆ మాట ఒక్కచోటే ఉంది, కీర్తన 111:9లో, అదీ దేవుని నామం గురించి. మన బైబిలు అక్కడ “పూజింపదగినది” అంటుంది.

ఇవాళ పోస్టర్ల మీద ఎక్కువగా కనబడేది ‘దైవజనులు’. మోషేకు, ఏలీయాకు, ఎలీషాకు వాడిన పాత మాట అది. కొత్త నిబంధనలో పేరుపెట్టి అలా పిలిపించుకున్నది తిమోతి ఒక్కడే. “దైవజనుడా, నీవైతే వీటిని విసర్జించి” అంటాడు పౌలు, 1 తిమోతి 6:11లో. ‘వీటిని’ అంటే ఏమిటో పైన పదో వచనంలో ఉంది: ధనాపేక్ష, దానివల్ల వచ్చే బాధలు. ఆ పిలుపు ఎవరికి వాడినా ఆ రెండు వచనాలూ కలిపే చదవాలి.