టర్బో కన్నా మా చిన్నాయన కాలుదే జోరు
హన్మకొండ శివార్ల మట్టి గ్రౌండ్‌ల కోన్లు పెట్టి మలుపుల దారి చేసి, ఏ కారు జల్దిగ తిరిగొస్తదో నిన్న టైమ్ చూసుకున్నం. కొత్త టర్బో కారు (ఇంజిన్లకు ఎక్కువ గాలి నూకి పవర్ పెంచేది) కన్నా మా చిన్నాయన పాత కార్బొరేటర్ (పెట్రోల్, గాలి కలిపే పాత పద్ధతి) మారుతి 800 ముందు! 796 సీసీ, 40 హార్స్‌పవర్ కూడా లేదు. ఆయన మలుపు రాకముందే, స్టీరింగ్ నేరుగా ఉన్నప్పుడే గట్టిగ బ్రేక్ వేస్తడు. బరువు ముందు టైర్ల మీదికొచ్చి పట్టు దొరుకుతది. ఇగ బ్రేక్ మెల్లగ వదులుకుంట తిప్పుతడు, కారు నేరుగైతుంటే యాక్సిలరేటర్ తొక్కుతడు. ఎంత ముద్దుగుంటదో చూడనీకి! టర్బో పిలగాడు మలుపులకు జోరుగ పోయిండు, ముందు చక్రాలు జారి కోన్ల అవతల పడ్డడు.

పొడుగు ట్రాక్‌ల పవర్‌దే పైచేయి, కాదనను. కానీ తమ్మీ, ఇంజిన్ ట్యూనింగ్‌కు పైసలు పెట్టకముందు మంచి టైర్లు కొను, మిగిలినయి ప్రాక్టీస్ పెట్రోల్‌కు పెట్టు. వచ్చే ఆదివారం హెల్మెట్ పెట్టుకొని చిన్నాయన పక్క సీట్ల నేనే కూసుంట.