మూడోసారికి పాసైన నా టూల్ బ్యాగు

ఇవాళ మధ్యాహ్నం నా టూల్ బ్యాగు చెకింగ్‌లో పాసైంది. రెండుసార్లు వెనక్కి పంపించాక, మూడోసారికి.

మేం పనిచేసే చోట కరెంటు ప్యానెల్ బోర్డు మీద చెయ్యి వెయ్యాలంటే ముందు ఎవరి పనిముట్లు వాళ్ళు తెచ్చి చూపించాలి. ఫారం నింపడం, సంతకం పెట్టడం ఐదు నిమిషాల్లో అయిపోయింది. టెస్టర్ గురించి మేస్త్రి గారు అడిగింది ఒకే ప్రశ్న: "వెలగకపోతే కరెంటు లేనట్టేనా?" కాదు సార్, ముందు కరెంటు ఉన్నచోట పెట్టి అది పనిచేస్తోందో లేదో చూసుకోవాలి అన్నాను. తల ఊపారు. అక్కడిదాకా బాగానే ఉంది.

తర్వాత కటింగ్ ప్లేయర్ తీశాను.

నాకు ఆ ప్లేయర్ అంటే గర్వం. ఎర్రటి పిడి, దాని మీద పెద్ద అక్షరాల్లో 1000 వోల్టులు అని రాసుంది. మేస్త్రి గారు ఆ రాత వైపు చూడనే లేదు. ప్లేయర్ మూసి ట్యూబ్‌లైటుకి ఎదురుగా పట్టుకున్నారు. "ఇలా రా, ఇందులోంచి చూడు" అన్నారు. కత్తిరించే అంచుల మధ్య, రివెట్ వైపు, సన్నగా వెలుతురు కనిపిస్తోంది. అంచులు ఈ చివరినుంచి ఆ చివరిదాకా కలవాలట. తర్వాత పిడులు పట్టుకుని అటూ ఇటూ ఊపితే రివెట్ దగ్గర కటకటమంది.

ఫ్లెక్సిబుల్ వైరులోంచి ఒక్క పోగు తీసి నా చేతికిచ్చారు. "కత్తిరించు." పెట్టి నొక్కాను. తెగలేదు, మడతపడింది. ఇంకొంచెం గట్టిగా నొక్కాను. చప్పిడిగా నలిగి అంచుల మధ్య ఇరుక్కుపోయింది. వెంట్రుకంత పోగు! చుట్టూ పదిమంది నిలబడి చూస్తున్నారు. నిన్నగాక మొన్న చేరిన కుర్రాడు అందరికంటే ముందు నవ్వాడు. చెవులు వేడెక్కిపోయాయి.

అంతటితో వదిలేసినా బాగుండేది. ఆయన ఎర్రటి పిడిని బొటనవేలితో మెలితిప్పి లాగారు. తడిచేతి గాజులా జారి వచ్చేసింది. లోపల బోడి ఇనుము. "దీన్ని నమ్ముకునేనా నువ్వు ప్యానెల్లో చెయ్యి పెడదామనుకున్నది? అంకె ఎవడైనా రాసుకుంటాడురా. గుర్తేది?"

ఏ గుర్తో నాకు తెలీదు. తెలీదని చెప్పాను. అందరి ముందూ ఆ మాట అనడానికి నాకు పట్టినంత సేపు ఆ పోగుతో తంటాలు పడ్డప్పుడు కూడా పట్టలేదు.

గుర్తంటే ఒకదానిలో ఒకటి కలిసిన రెండు త్రిభుజాలు, పక్కన 1000 వి. ఐఈసీ 60900 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం చేసిన పనిముట్టుకి ఉంటుంది. ఏసీ 1000, డీసీ 1500 వోల్టుల వరకు వాడటానికని. అలాంటివాటిని 10,000 వోల్టులు పెట్టి పరీక్షించాకే బయటికి పంపుతారు. మామూలు ప్లేయర్‌కి తొడిగే ప్లాస్టిక్ తొడుగు చేతికి మెత్తగా ఉండటానికే తప్ప షాక్ ఆపడానికి కాదు. కొన్నింటికి ఇన్సులేషన్ రెండు రంగుల పొరలుగా ఉంటుంది, పైది అరిగి లోపలి రంగు బయటపడితే ఇక ఆ పనిముట్టు పక్కన పెట్టెయ్యాలి. దానికి టేపు చుట్టి వాడేవాళ్ళని చూస్తే నాకిప్పుడు ఒళ్ళు మండుతుంది. మొన్నటిదాకా నేనూ చుట్టినవాణ్ణే అనుకోండి.

రెండోసారి బరువు చూసి కొన్నాను. బరువుంటే గట్టి సరుకని చెప్పి నాకు అంటగట్టినాయన జీవితంలో ఒక్క వైరైనా ఒలిచి ఉండడు. ఈసారి గుర్తుంది. కానీ స్టిక్కర్ మీద! మేస్త్రి గారు గోటితో గీకితే ఊడొచ్చింది. అసలైనది పిడిలోనే అచ్చయి ఉండాలి, చెయ్యి ఇనుము మీదికి జారకుండా పిడి పైభాగంలో అడ్డుగా గట్టు ఉండాలి.

మిగతావాటిలో స్ట్రిప్పర్ ఒక్కటి చెప్పుకోవాలి. వైరు ఒలిచి రాగిని చూడండి. గీత పడితే, అక్కడే రెండుసార్లు వంచితే పుటుక్కున విరుగుతుంది. స్క్రూ డ్రైవర్ల మీద క్రోమ్ వెనేడియం అనే ఉక్కు పేరు అందరూ రాస్తారు, దానికి మురిసిపోకండి, మొన స్క్రూలో ఊగకుండా కూర్చుంటోందా చూడండి. ఎంసీబీ (లోడెక్కువైతే తనే ఆగిపోయే స్విచ్) టెర్మినళ్ళకి చాలావాటికి పీజెడ్ 2 అనే రకం మొన కావాలి. చూడ్డానికి మామూలు స్టార్ లాగే ఉంటుంది కానీ ఆ మామూలుది పెడితే జారి స్క్రూ తల తినేస్తుంది. ఇది మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు, నేనే నాలుగు స్క్రూలు పాడుచేసి నేర్చుకున్నాను.

ఇవాళ మళ్ళీ అదే ట్యూబ్‌లైటు, అదే పోగు. మొనతో ఒకసారి, రివెట్ దగ్గర ఒకసారి. రెండుసార్లూ టిక్కుమంది. మేస్త్రి గారు ఏమీ అనలేదు, ప్లేయర్ తిరిగిచ్చి సంతకం పెట్టారు. "సప్లై ఆపకుండా మాత్రం ముట్టుకోకు" అన్నారు వెళ్తూ వెళ్తూ. సాయంత్రం ఆ నవ్విన కుర్రాడు తన ప్లేయర్ తెచ్చి చూడమన్నాడు. లైటుకి పట్టి చూశాను. కావాలనే కాస్త ఎక్కువసేపు చూశాను.

నా ఎర్రపిడి ప్లేయర్ ఇంట్లో ఉంది, మేకులు పీకడానికి. దానికీ సరిగ్గా పనికిరావడం లేదు.